బ్యాటరీ మార్చాలా, ఆల్టర్నేటర్ మార్చాలా? పాత కారులో ఛార్జింగ్ లోపాన్ని కొలిచి తేల్చుకోవడం

పాత కారు పొద్దున్నే స్టార్ట్ కాలేదంటే దోషం నాలుగు చోట్లలో ఎక్కడో ఒకచోట ఉంటుంది. బ్యాటరీ ఛార్జిని నిలుపుకోలేకపోతూ ఉండవచ్చు. ఆల్టర్నేటర్ సరిపడా కరెంటు పుట్టించలేకపోతూ ఉండవచ్చు. పుట్టించినా ఆ కరెంటు బ్యాటరీ దాకా చేరే దారిలో తుప్పు అడ్డుపడుతూ ఉండవచ్చు. లేదా అన్నీ సవ్యంగానే ఉండి, కారు నిలిపి ఉంచిన వేళ ఏదో ఒక దీపమో రిలేయో (కరెంటుతో పనిచేసే స్విచ్చు) రాత్రంతా బ్యాటరీని ఖాళీ చేస్తూ ఉండవచ్చు. డ్రైవరు సీట్లో కూర్చున్నవారికి ఈ నాలుగూ ఒకేలా కనబడతాయి. తాళం తిప్పితే టక్కుమని శబ్దం, తర్వాత నిశ్శబ్దం.

అందుకే చాలామంది ముందు బ్యాటరీ కొంటారు. అది కొన్నాళ్ళకే పడిపోతే ఆల్టర్నేటర్ మార్పిస్తారు. ఆ తర్వాత కూడా తగ్గకపోతే అప్పుడు ఎవరో ఒకరు బోనెట్టులోకి వంగి, బ్యాటరీని కారు లోహపు ఒంటికి కలిపే ఎర్త్ తీగ కొసన పేరుకున్న పచ్చటి తుప్పు గీకుతారు. సమస్య అంతటితో పోతుంది. ఇలా మంచి భాగాలను తీసి పారేయడం చూస్తే బాధ కలుగుతుంది, ముఖ్యంగా ఆ కారుతో పాటు వచ్చిన అసలు ఆల్టర్నేటర్‌ను విసిరేసినప్పుడు. ఏ భాగమైనా కొనే ముందు కొలవండి. కొలిచాక కూడా మొదట తీగలనూ బిగింపులనూ అనుమానించండి, తర్వాత ఆల్టర్నేటర్‌లో తిరిగే రోటరుకు కరెంటు అందించే బ్రష్షులనూ, వోల్టేజీని అదుపు చేసే రెగ్యులేటరునూ. మొత్తం భాగాన్ని మార్చడం ఆఖరి మాట.

ఇక్కడ చెప్పేది 12 వోల్టుల వ్యవస్థ ఉండి, ఆల్టర్నేటర్ తన రెగ్యులేటరు అదుపులోనే నడిచే పాత కార్ల సంగతి. కొత్త కార్లలో ఇంజిన్ కంప్యూటరే ఛార్జింగ్‌ను అవసరాన్ని బట్టి పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. వాటికి ఈ అంకెలు వర్తించవు.

ఏ పరికరంతో చూడాలి

ఒక్కటే కొనగలిగితే మామూలు డిజిటల్ మల్టీమీటరు కొనండి. కింద చెప్పే పరీక్షలలో అధిక భాగం దానితోనే అయిపోతాయి. ఖరీదైనది అక్కర్లేదు, డీసీ వోల్టులలో దశాంశం తర్వాత రెండు అంకెలు చూపాలి, 10 ఆంపియర్ల కరెంటు కొలిచే సాకెట్టు ఉండాలి, అంతే.

టెస్ట్ ల్యాంపును తక్కువగా చూడకండి. మల్టీమీటరు తీగలోంచి దాదాపు కరెంటే లాగదు. లోపలి పోగులన్నీ తెగి ఒక్కటి మాత్రం మిగిలిన తీగ మీద పెట్టినా అది నిండు 12 వోల్టులు చూపిస్తుంది. టెస్ట్ ల్యాంపు బల్బు వెలగాలంటే కరెంటు నిజంగా పారాలి, కాబట్టి అలాంటి తీగ దగ్గర అది మసకబారి గుట్టు బయటపెడుతుంది. అంకె కావాలంటే మీటరు, తీగలో సత్తా ఉందో లేదో తెలియాలంటే ల్యాంపు. ఎలక్ట్రానిక్ పెట్టెలకు వెళ్ళే తీగల మీద మాత్రం బల్బు ల్యాంపు పెట్టకూడదు.

డీసీ కరెంటు కొలిచే క్లాంప్ మీటరు ఉంటే పని హాయిగా సాగుతుంది. తీగ విప్పకుండానే ఆల్టర్నేటర్ ఎన్ని ఆంపియర్లు ఇస్తోందో చూడవచ్చు. కొనేటప్పుడు అది డీసీ కొలుస్తుందో లేదో చూసుకోండి, చాలా క్లాంప్ మీటర్లు ఏసీ మాత్రమే కొలుస్తాయి. బ్యాటరీ మీద పెద్ద లోడు వేసి చూసే లోడ్ టెస్టరు ఇంట్లో ఉంచుకోవలసిన వస్తువు కాదు, దుకాణంలో చేయించుకుంటే సరిపోతుంది.

మూతలు తెరుచుకునే బ్యాటరీ అయితే యాసిడ్ సాంద్రత కొలిచే హైడ్రోమీటరు నా దృష్టిలో అన్నిటికన్నా నమ్మకమైన సాక్షి. ఈ రోజుల్లో దాన్ని పట్టించుకునేవారు తగ్గిపోయారు, అది న్యాయం కాదు. వోల్టు మీటరు బ్యాటరీలోని ఆరు గదులనూ (సెల్స్) కలిపి ఒక్క అంకెగా చెబుతుంది. హైడ్రోమీటరు ఒక్కో గది సంగతి విడిగా చెబుతుంది. పూర్తి ఛార్జి మీద యాసిడ్ సాంద్రత 1.265 నుంచి 1.280 మధ్య ఉండాలి. ఐదు గదులు 1.260 దగ్గర ఉండి ఒకటి 1.200 దగ్గర ఆగిపోయిందంటే ఆ బ్యాటరీ పని అయిపోయినట్లే. గదుల మధ్య తేడా 0.050 దాటితే ఎంత ఛార్జి చేసినా ప్రయోజనం ఉండదు. రక్షణ కళ్ళద్దాలు, చేతి తొడుగులు లేకుండా ఈ పని చేయవద్దు. దగ్గర్లో నిప్పు అసలే ఉండకూడదు.

మూడు కొలతలు

మొదటిది, కారు నిద్రలో ఉన్నప్పటిది. ఇంజిన్ ఆపి కనీసం కొన్ని గంటలు గడిచాక, వీలైతే రాత్రంతా వదిలేసి, బ్యాటరీ రెండు కొసల మధ్య వోల్టేజీ చూడండి. 12.6 లేదా అంతకు మించి ఉంటే నిండుగా ఉన్నట్లు. 12.4 అంటే సుమారు ముప్పావు, 12.2 అంటే సగం. 12.0 దగ్గర ఉంటే పావు వంతే మిగిలిందని అర్థం. ఇంజిన్ ఆపిన వెంటనే కొలిస్తే 13 దాకా చూపించి మోసం చేస్తుంది. అంతసేపు ఆగలేకపోతే హెడ్‌లైట్లు రెండు నిమిషాలు వెలిగించి, ఆర్పి, ఇంకో రెండు నిమిషాలు ఆగి చూడండి.

రెండోది సెల్ఫ్ కొట్టేటప్పటిది. మీటరు బ్యాటరీ మీదే ఉంచి, ఇంకొకరిని తాళం తిప్పమనండి. ఆరోగ్యంగా ఉన్న బ్యాటరీ 10 వోల్టులకు పైనే నిలబడుతుంది, 9.6 కంటే కిందికి జారకూడదు. ఈ ఒక్క కొలత మూడు దారులు చూపిస్తుంది. నిద్రలో 12.6 ఉండి సెల్ఫ్ కొట్టగానే 8కి పడిపోతే బ్యాటరీకి బలం పోయింది, లేదా స్టార్టర్ మోటారు అతిగా లాగుతోంది. నిద్రలోనే 12.0 ఉంటే బ్యాటరీకి ఇంకా శిక్ష వేయకండి, ముందు ఛార్జి చేసి మళ్ళీ కొలవండి. ఇక స్టార్టర్ టక్కుమని ఆగిపోతున్నా మీటరు 12 మీదే కదలకుండా ఉందంటే కరెంటు అసలు స్టార్టర్ దాకా పోవడం లేదు. అది బ్యాటరీ పోస్టులకు బిగించే క్లాంపుల, ఎర్త్ తీగ, స్టార్టర్‌కు కరెంటు వదిలే సొలినాయిడ్ల వ్యవహారం. బ్యాటరీ మార్చి లాభం లేదు.

మూడోది ఇంజిన్ నడుస్తున్నప్పటిది. నిమిషానికి 2000 చుట్ల దగ్గర ఇంజిన్‌ను నిలిపి చూడండి. 13.8 నుంచి 14.5 మధ్య ఉంటే మామూలు. తర్వాత హెడ్‌లైట్లు, బ్లోయరు, వైపర్లు అన్నీ వేయండి. అప్పుడు కూడా 13.5కు తగ్గకుండా ఉంటే ఆల్టర్నేటర్‌ను నిందించనక్కర్లేదు. ఇంజిన్ తిరుగుతున్నా నిద్రలో చూపిన అంకే ఉండి, అది కూడా నెమ్మదిగా దిగిపోతుంటే ఛార్జింగ్ లేదు. 15 దాటితే రెగ్యులేటరు అదుపు తప్పింది. బ్యాటరీలో నీళ్ళు మాటిమాటికీ తగ్గడం, కుళ్ళిన గుడ్ల వాసన, బల్బులు తరచుగా పోవడం దీని తోబుట్టువులు.

ఇక్కడ తొందరపడి తప్పు తీర్పు ఇచ్చే సందర్భాలు రెండు. బాగా ఖాళీ అయిన బ్యాటరీతో ఇప్పుడే స్టార్ట్ చేసిన కారులో వోల్టేజీ మొదట 13 దగ్గర ఉండి నెమ్మదిగా ఎక్కుతుంది. అది ఆల్టర్నేటర్ దోషం కాదు. అలాగే చాలా రెగ్యులేటర్లు వేడిని బట్టి వోల్టేజీని మార్చుకుంటాయి. బోనెట్టు కింద బాగా వేడెక్కిన తర్వాత 13.7 చూపితే కంగారు పడనక్కర్లేదు.

ఈ కొలతకు బదులు కొందరు చేసే పరీక్ష ఒకటుంది. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ తీగ ఊడదీసి, ఇంజిన్ ఆగకపోతే ఆల్టర్నేటర్ బాగున్నట్లు అంటారు. దయచేసి చేయకండి. ఆల్టర్నేటర్ ఇస్తున్న కరెంటుకు ఒక్కసారిగా గమ్యం లేకుండా పోతే వోల్టేజీ క్షణకాలం కొన్ని పదుల వోల్టులకు ఎగిరిపోతుంది. ఆల్టర్నేటర్ ఏసీని డీసీగా మార్చే డయోడ్లు, రెగ్యులేటరు, రేడియో, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ ఏవైనా అక్కడికక్కడే పోవచ్చు. పైగా బాగున్న ఆల్టర్నేటర్‌తో కూడా ఇంజిన్ ఆగిపోవచ్చు, బాగాలేనిదానితో కూడా కాసేపు నడవవచ్చు. ప్రమాదమూ ఉంది, జవాబూ తప్పే.

"దారిలో ఎక్కడా ఆగలేదు కాబట్టి ఆల్టర్నేటర్ బాగానే ఉంది" అనే మాటను కూడా నమ్మకండి. కార్బురేటర్ కారుకు పగటిపూట నడవడానికి కావలసింది ఇగ్నిషన్‌కు పోయే నాలుగైదు ఆంపియర్లే. ఆల్టర్నేటర్ పూర్తిగా చచ్చినా నిండు బ్యాటరీ మీద అలాంటి కారు గంటల తరబడి నడుస్తుంది. హెడ్‌లైట్లు వేసిన రాత్రే అసలు రంగు బయటపడుతుంది.

డ్యాష్‌బోర్డు మీది ఎర్ర దీపం

బ్యాటరీ బొమ్మ ఉన్న ఆ దీపాన్ని అందరూ కేవలం హెచ్చరిక అనుకుంటారు. చాలా పాత కార్లలో దానికి ఇంకో పని ఉంది. ఆల్టర్నేటర్‌లో తిరిగే రోటరు అయస్కాంతంగా మారాలంటే మొదట కొంచెం కరెంటు బయటినుంచి అందాలి. ఆ కరెంటు ఈ బల్బు గుండానే వెళుతుంది. ఇగ్నిషన్ నుంచి బయలుదేరి, బల్బు దాటి, ఆల్టర్నేటర్ మీద డి ప్లస్, 61 లేదా ఎల్ అని రాసి ఉన్న టెర్మినల్‌లో దిగి, బ్రష్షుల ద్వారా రోటరుకు చేరుతుంది. ఆల్టర్నేటర్ తన కరెంటు తాను పుట్టించుకోగానే బల్బు రెండు వైపులా ఒకే వోల్టేజీ వస్తుంది కాబట్టి దీపం ఆరిపోతుంది.

ఈ సంగతి తెలిస్తే దీపం నడవడికను చదవవచ్చు. ఇంజిన్ ఆపి ఇగ్నిషన్ వేసినప్పుడు దీపం వెలగాలి. వెలగకపోతే బల్బు పోయింది, తీగ తెగింది, లేదా బ్రష్షులు అరిగి రోటరును తాకడం లేదు. వీటిలో ఏదో తేల్చడం సులువు. ఆల్టర్నేటర్ మీది ఆ సన్నటి తీగ ఊడదీసి, ఇగ్నిషన్ వేసి, తీగ కొసను ఇంజిన్ లోహానికి తాకించండి. దీపం వెలిగితే బల్బూ తీగా బాగున్నట్లే, లోపం ఆల్టర్నేటర్ లోపల ఉంది. ఎక్కువసార్లు అది బ్రష్షులే. వెలగకపోతే ఆల్టర్నేటర్ జోలికి పోకండి. తాకించే ముందు అది సన్నటి దీపం తీగే అని రెండుసార్లు చూసుకోండి. బ్యాటరీ నుంచి నేరుగా వచ్చే లావు తీగను ఇంజిన్‌కు తాకిస్తే మంటలు లేస్తాయి.

ఇంజిన్ నడుస్తున్నా దీపం నిండుగా వెలుగుతుంటే ముందు బెల్టు చూడండి. స్టార్ట్ చేశాక యాక్సిలరేటర్ ఒకసారి గట్టిగా నొక్కితే తప్ప ఆరకపోతే మొదటి కరెంటు చాలడం లేదని అర్థం, అంటే అరిగిన బ్రష్షులు లేదా తక్కువ వాట్ల బల్బు. డ్యాష్‌బోర్డు బల్బులన్నీ ఎల్ఈడీలుగా మార్చుకున్న పాత కార్లలో ఇది తరచుగా జరుగుతుంది. ఎల్ఈడీ గుండా పారే కరెంటు రోటరును మేల్కొలపడానికి చాలదు. మిగిలిన బల్బులన్నీ మార్చుకున్నా ఈ ఒక్కదాన్ని మామూలు బల్బుగానే ఉంచండి. మార్చి తీరాలంటే పక్కన తగిన రెసిస్టరు పెట్టించాలి.

లైట్లు వేసినకొద్దీ దీపం మసకగా వెలగడం మొదలైతే తీగల దారిలో నష్టం గానీ, డయోడు పోవడం గానీ కారణం. ఇగ్నిషన్ ఆపేసి తాళం తీసినా దీపం మసకగా వెలుగుతూ ఉంటే ఆల్టర్నేటర్‌లో డయోడు షార్ట్ అయి ఉండవచ్చు, బ్యాటరీ దాని గుండా ఖాళీ అవుతోంది. అప్పుడు వెంటనే బ్యాటరీ నెగటివ్ తీగ తీసేయండి.

దీపం ఆరి ఉంది కదా అని నిశ్చింతగా ఉండలేం. సగం సత్తువతో పనిచేస్తున్న ఆల్టర్నేటర్ కూడా దీపాన్ని ఆర్పేస్తుంది. ఆ అర్ధ దోషాలు ఎక్కువగా డయోడ్లవి. ఆల్టర్నేటర్ పుట్టించే ఏసీని డీసీగా మార్చడానికి సాధారణంగా ఆరు డయోడ్లుంటాయి. ఒకటి పోతే తక్కువ లోడు మీద వోల్టేజీ మామూలుగానే కనబడి, లైట్లన్నీ వేయగానే కూలిపోతుంది. రేడియోలో ఇంజిన్ వేగంతో పాటు పెరిగే ఈల వినబడవచ్చు. మీటరును ఏసీ వోల్టుల మీద పెట్టి, ఇంజిన్ నడుస్తూ లోడు ఉన్నప్పుడు బ్యాటరీ మీద కొలిస్తే 0.5 వోల్టు దాటకూడదు. కొన్ని చౌక మీటర్లు ఏసీ మీద పెట్టినప్పుడు డీసీని కూడా లెక్కవేసి 20కి పైన చూపిస్తాయి. అందుకని ముందు ఇంజిన్ ఆపి ఒకసారి కొలవండి; సున్నాకు దగ్గరగా లేకపోతే ఆ మీటరు ఈ పరీక్షకు పనికిరాదు.

తీగల దారి

పాత కారులో అందరికన్నా ముందు అనుమానించవలసింది తీగలనే అని ఎందుకంటున్నానంటే, రాగి తీగ పై తొడుగు నిగనిగలాడుతూ ఉండగానే లోపల పచ్చగా పొడిబారిపోతుంది. కంటితో చూసి చెప్పడం కుదరదు, తీగలో కరెంటు పారుతున్నప్పుడే కొలవాలి.

ఇంజిన్‌ను 2000 చుట్ల దగ్గర ఉంచి, హెడ్‌లైట్లు, బ్లోయరు వేయండి. మీటరు ఒక మొన ఆల్టర్నేటర్ వెనక లావు తీగ బిగించిన బి ప్లస్ బోల్టు మీద, రెండోది బ్యాటరీ పాజిటివ్ పోస్టు మీద. ఇక్కడ కనిపించే వోల్టేజీయే దారిలో పోతున్న నష్టం. 0.2, మహా అయితే 0.3 వోల్టు దాకా సహించవచ్చు. తర్వాత ఒక మొన ఆల్టర్నేటర్ ఒంటి మీద, రెండోది బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద. ఇక్కడ 0.1 లోపు ఉంటే చక్కగా ఉన్నట్లు, 0.2 దాటితే ఎర్త్ దారి విప్పి శుభ్రం చేయాలి. మీటరు మొన క్లాంపు మీద కాక మధ్యలో ఉండే సీసపు పోస్టు మీదే ఆనించండి. లేకపోతే పోస్టుకూ క్లాంపుకూ మధ్య ఉన్న తుప్పు లెక్కలోకి రాదు, చాలాసార్లు దొంగ అక్కడే ఉంటాడు.

అర వోల్టు చిన్న అంకెలా కనబడుతుంది. కానీ ఆల్టర్నేటర్ 14.2 ఇస్తుంటే బ్యాటరీకి అందేది 13.7. ఆ తేడా రోజూ పేరుకుంటే బ్యాటరీ ఎప్పటికీ నిండదు. నిండని బ్యాటరీలో పలకల మీద సల్ఫేటు గట్టిపడి, అది అకాలంగా పోతుంది. పైగా 20 ఆంపియర్లు పారే చోట అర వోల్టు నష్టమంటే ఆ ఒక్క బిగింపులో 10 వాట్ల వేడి. తీగ కొసన బిగించే లగ్గు రంగు మారి, ప్లాస్టిక్ కరిగి ఉంటే కారణం ఇదే.

ఇంజిన్‌కూ ఛాసిస్‌కూ మధ్య ఉండే ఎర్త్ పట్టీని మరిచిపోకండి. అది తెగిన కార్లలో సెల్ఫ్ కరెంటు యాక్సిలరేటర్ కేబుల్ గుండానో చోక్ కేబుల్ గుండానో దారి వెతుక్కుంటుంది. సెల్ఫ్ కొట్టిన తర్వాత ఆ కేబుళ్ళు వేడెక్కుతున్నాయంటే ఇంకే పరీక్షా అక్కర్లేదు. రెగ్యులేటరు విడిగా బాడీకి బిగించి ఉన్న కార్లలో దాని ఎర్త్ కూడా చూడాలి. ఆ ఎర్త్ చెడితే రెగ్యులేటరుకు వోల్టేజీ తక్కువగా కనబడి, ఆల్టర్నేటర్‌ను ఇంకా ఇంకా తోస్తుంది. 15 దాటిన ప్రతిసారీ రెగ్యులేటరు కొనేయకండని చెప్పడం ఇందుకే.

బెల్టు గురించి నాలుగు మాటలు చాలు. వి బెల్టు అయితే పొడవైన భాగం మధ్యలో బొటనవేలితో గట్టిగా నొక్కినప్పుడు 10 నుంచి 12 మిల్లీమీటర్లు దిగాలి. పక్కలు అద్దంలా మెరుస్తుంటే బిగించినా జారుతుంది, మార్చండి. అతిగా బిగిస్తే ఆల్టర్నేటర్, వాటర్ పంపు బేరింగులు పోతాయి.

కారు ఆగి ఉన్నప్పుడు పోయే కరెంటు

ఛార్జింగ్ కొలతలన్నీ బాగున్నా రెండు మూడు రోజులు నిలిపితే బ్యాటరీ పడిపోతోందంటే ఈ దారి పట్టాలి. పైసా ఖర్చు లేని పరీక్ష ముందు చేయండి. బ్యాటరీని పూర్తిగా ఛార్జి చేసి, నెగటివ్ తీగ తీసేసి, ఒకటి రెండు రోజులు వదిలేయండి. వోల్టేజీ 12.6 దగ్గరే నిలిచి, తీగ పెట్టగానే ఇంజిన్ అందుకుంటే కారులో ఏదో కరెంటు తాగుతోంది. తీగ లేకుండానే పడిపోతే బ్యాటరీయే తనకు తాను ఖాళీ అవుతోంది. మీటరుతో వెతకడం కంటే ఇది నిదానమే, కానీ బ్యాటరీకీ కారుకూ మధ్య తగవు తీర్చడంలో దీనికి సాటి లేదు. తీగ తీస్తే కోడ్ అడిగే రేడియో ఉన్నవారు ఆ కోడ్ ముందే దగ్గర పెట్టుకోవాలి.

తప్పు కారుదని తేలాక మీటరును 10 ఆంపియర్ల సాకెట్టులో పెట్టి, నెగటివ్ పోస్టుకూ తీసిన తీగకూ మధ్య కలపండి. తలుపులు మూసి, బోనెట్టు దీపం ఉంటే బల్బు తీసి, కొంతసేపు ఆగండి. గడియారం, రేడియో మాత్రమే ఉన్న పాత కారులో 50 మిల్లీఆంపియర్ల లోపు ఉండాలి. ఎక్కువ ఉంటే ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ ఎప్పుడు పడిపోతుందో చూడండి. మీటరు ఇలా ఉండగా ఇగ్నిషన్ వేయకూడదు, సెల్ఫ్ కొట్టకూడదు, మీటరు కాలిపోతుంది. ఏ ఫ్యూజు తీసినా తగ్గకపోతే మీటరు విప్పి, నెగటివ్ తీగ విడిగానే ఉంచి, ఆల్టర్నేటర్ బి ప్లస్ తీగ తీసి, దాని కొసకు టేపు చుట్టి మళ్ళీ కొలవండి. అప్పుడు పడిపోతే డయోడే దోషి. ఇంజిన్ చల్లగా ఉన్న పొద్దుపూట ఆల్టర్నేటర్ ఒళ్ళు మాత్రం వెచ్చగా తగలడం కూడా దీని గుర్తే.

డ్యాష్‌బోర్డు అరలో ఆరిపోని 5 వాట్ల చిన్న దీపం ఒక్కటి చాలు. అది సుమారు 0.4 ఆంపియర్ లాగుతుంది, రోజుకు 10 ఆంపియర్ అవర్లు. 45 ఆంపియర్ అవర్ల బ్యాటరీ రెండు రోజుల్లో సగానికి దిగిపోతుంది.

ఏది మార్చాలి, ఏది బాగు చేయించాలి

బ్యాటరీ విషయంలో తీర్పు తేలిక. నెమ్మదిగా, సామర్థ్యంలో పదో వంతు కరెంటుతో (45 ఆంపియర్ అవర్లకు సుమారు 4.5 ఆంపియర్లు) పూర్తిగా ఛార్జి చేశాక రాత్రంతా 12.5 పైన నిలవకపోయినా, సెల్ఫ్‌కు 9.6 కింద పడినా మార్చండి. ఖాళీ అయిన బ్యాటరీని నింపే పని పాత ఆల్టర్నేటర్‌కు అప్పగించకండి. అది నిండు బ్యాటరీని నిండుగా ఉంచడానికి చేసిన యంత్రం. గంటల తరబడి పూర్తి లోడు మీద నడిపితే వేడికి డయోడ్లు పోతాయి. కొత్త బ్యాటరీ వేసినప్పుడు కూడా ముందు ఛార్జరుతో నింపి తర్వాత బిగించడమే మంచిది.

ఏ రకం కొనాలన్నదానికి నా ఓటు మామూలు నీళ్ళ బ్యాటరీకే. నీళ్ళు పోయనక్కర్లేని కాల్షియం బ్యాటరీలు పూర్తిగా నిండాలంటే 14.4 లేదా అంతకు మించి కావాలి. పాత రెగ్యులేటరు 13.8 దగ్గర ఆగిపోయేదైతే అవి ఎప్పుడూ అరకొరగానే ఉంటాయి. మీ మూడో కొలత 14.4 చూపిస్తే నిక్షేపంగా వేసుకోవచ్చు. యాసిడ్ గాజుపీచు పొరల్లో ఇంకి ఉండే, మూసిన ఏజీఎం బ్యాటరీ మీద అదనంగా పెట్టే డబ్బుకు పాత కారులో తగిన ఫలం కనబడదు. అదుపు తప్పిన రెగ్యులేటరు దాన్ని తొందరగా చంపేస్తుంది, అందులో మళ్ళీ నీళ్ళు పోసే వీలు లేదు.

ఆల్టర్నేటర్ దగ్గర ఆలోచన ఎక్కువ కావాలి. చాలా రకాల్లో బ్రష్షులు, రెగ్యులేటరు కలిసి ఒకే చిన్న భాగంగా వెనక రెండు స్క్రూలతో బిగించి ఉంటాయి. ఎర్ర దీపం పరీక్ష బ్రష్షుల వైపు చూపితే ముందు దాన్నే విప్పి చూడండి. బ్రష్షు బయటికి 5 మిల్లీమీటర్ల కంటే తక్కువ మిగిలితే మార్చాలి. అదే సమయంలో బ్రష్షులు ఆనే రోటరు మీది స్లిప్ రింగులు చూడండి. నల్లగా ఉంటే సన్నటి గరుకు కాగితంతో తుడవవచ్చు. వేలికి తగిలేంత గాడి పడి ఉంటే కొత్త బ్రష్షులు కూడా ఎక్కువ కాలం ఉండవు.

బెల్టు తీసి పుల్లీని చేత్తో తిప్పండి. గరగరలాడినా, పక్కలకు ఊగినా బేరింగులు పోయాయి. బేరింగులు, డయోడ్లు, బ్రష్షులు ఇన్నిటికీ పని పడినప్పుడు కూడా అసలు ఆల్టర్నేటర్‌ను నమ్మకమైన ఆటో ఎలక్ట్రీషియన్ చేత పూర్తిగా బాగు చేయించడమే నేను కోరుకునేది. బ్రాకెట్టు, పుల్లీ వరస, తీగల టెర్మినళ్ళు అన్నీ మీ కారుకు సరిగ్గా సరిపోతాయి. లోపల ఏం మార్చారో కూడా మీకు తెలుస్తుంది. ఎక్కడో బాగు చేసి డబ్బాలో పెట్టి అమ్మే పాత ఆల్టర్నేటర్లలో కొన్నిటికి పైన రంగు కొత్తది, లోపల పోయిన భాగం ఒక్కటే కొత్తది. కొనవలసి వస్తే పరీక్ష బల్ల మీద తిప్పి ఆంపియర్లు చూపించమనండి. కొత్త నకళ్ళు కొనేటప్పుడు పుల్లీ బెల్టుతో ఒకే వరసలో ఉందో లేదో బిగించే ముందే చూసుకోండి. లోపలి చుట్టలు నల్లగా కాలి వాసన వస్తుంటే మాత్రం బాగు చేయించడం వదిలేసి మార్చడమే మేలు.

కొన్ని కార్లలో ఏ భాగమూ చెడదు, లెక్కే చాలదు. పాత ఆల్టర్నేటర్లు చాలావరకు 35 నుంచి 55 ఆంపియర్లవి, అదీ వేగంగా తిరిగినప్పుడు. ఇంజిన్ స్లోలో ఉంటే అందులో సగం కూడా రాకపోవచ్చు. రెండు 55 వాట్ల హెడ్‌లైట్లకు 9 ఆంపియర్లు, ఆపైన బ్లోయరు, ఇగ్నిషన్, వైపర్లు, తర్వాత తగిలించిన ఫ్యాను, యాంప్లిఫయరు. రాత్రిపూట రద్దీలో ఆగి ఆగి నడిచే కారుకు ఆదాయం కంటే ఖర్చు ఎక్కువ. అప్పుడు ఎక్కువ ఆంపియర్ల ఆల్టర్నేటర్ వేయించడం సబబే. కానీ బ్యాటరీకి వెళ్ళే తీగను కూడా లావుది వేయించాలి. డ్యాష్‌బోర్డులో కరెంటు చూపే అమ్మీటరు ఉన్న కార్లలో మొత్తం కరెంటు దాని గుండానే తిరిగి వస్తుంది కాబట్టి, ఆ దారి మార్చకుండా ఆల్టర్నేటర్ ఒక్కటే పెంచితే మంటలకు తావిచ్చినట్లే. అలాంటి కారులో అమ్మీటరు బదులు వోల్టు మీటరు పెట్టించుకోండి.

డైనమో కార్ల సంగతి

క్రైస్లర్ సంస్థ 1960 మోడల్ వాలియంట్‌తో ఆల్టర్నేటర్ కార్లలో వ్యాపించడం మొదలైంది. అంతకుముందువి, ఆ తర్వాత కొన్నేళ్ళ దాకా వచ్చినవి చాలావరకు డైనమో (ఆల్టర్నేటర్‌కు ముందు కాలపు, నేరుగా డీసీ ఇచ్చే జనరేటరు) కార్లే. డైనమో స్లోలో దాదాపు ఏమీ ఇవ్వదు, కాబట్టి ఆగి ఉన్నప్పుడు దీపం మినుకుమంటే అది రోగం కాదు. దీని రెగ్యులేటరు పెట్టెలో, బ్యాటరీ కరెంటు వెనక్కి పారకుండా ఆపే కటౌటు కూడా ఉంటుంది; దాని కాంటాక్టులు అతుక్కుపోతే ఇంజిన్ ఆపాక బ్యాటరీ డైనమోలోకి ఖాళీ అవుతుంది. డైనమో బాగు చేయించి తిరిగి బిగించాక పొలారిటీ (ప్లస్, మైనస్ దిశ) సరిచేయించాలి. ఎండపూట అప్పుడప్పుడు బయటికి తీసే కారైతే డైనమోను అలాగే ఉంచండి. రోజూ, అందులోనూ రాత్రిళ్ళు నడపాలంటే ఆల్టర్నేటర్‌కు మారడం న్యాయమే. బ్యాటరీ ప్లస్ కొసను ఒంటికి కలిపిన పాజిటివ్ ఎర్త్ కారైతే మార్చే ముందు మొత్తం పొలారిటీ మార్పించాలి.

కొలతలు, టెర్మినళ్ళ శుభ్రత, బెల్టు, బ్రష్షులు ఇవి ఓపిక ఉన్న ఎవరైనా చేసుకోగల పనులు. రెగ్యులేటరును తప్పించి రోటరుకు నేరుగా కరెంటు ఇచ్చే పరీక్ష, డయోడ్ల మార్పిడి, లావు తీగల పని ఆటో ఎలక్ట్రీషియన్‌కు వదిలేయండి. వెళ్ళేటప్పుడు మీ మూడు కొలతలూ, రెండు వైపుల తీగ నష్టాలూ కాగితం మీద రాసి తీసుకెళ్ళండి. మరమ్మతు అయ్యాక అక్కడే, అదే మీటరుతో, హెడ్‌లైట్లు వేసి 2000 చుట్ల దగ్గర మళ్ళీ కొలిచి ఆ పాత అంకెల పక్కన కొత్తవి రాయించుకోండి. మారవలసిన అంకె మారకపోతే మార్చిన భాగం అది కాదు.